టోవే స్కుట్నాబ్-కంగాస్: ఒకే భాష, రెండు ఒడ్లు

టోవే స్కుట్నాబ్-కంగాస్ (1940 జూలై 6 – 2023 మే 29) ఫిన్లాండ్‌లో పుట్టిన భాషాశాస్త్రవేత్త, విద్యా పరిశోధకురాలు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు బడిలో ఏం జరుగుతోందన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఆమె సుమారు అర్ధశతాబ్దం పనిచేశారు. జాతివివక్షకు సాటిగా ‘భాషావివక్ష’ అనే భావనను 1980లలో శాస్త్ర చర్చలోకి తెచ్చింది ఆమే. ఇంటి భాషను తుడిచిపెట్టే చదువు అంతర్జాతీయ చట్టం ప్రకారం జాతిహననం కిందికి రాగలదని వాదించి సొంత రంగంలోనే ఎందరికో కంటగింపయ్యారు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఆదివాసీ బడుల్లో సాగిన బహుభాషా విద్యా ప్రయత్నాలు బయటి ప్రపంచపు చర్చలోకి రావడంలోనూ ఆమెకు వాటా ఉంది.

సింధుశాఖకు ఇటూ అటూ

హెల్సింకీలో పుట్టిన టోవేకు ఫిన్నిష్, స్వీడిష్ రెండూ పుట్టుకతో వచ్చిన భాషలే. ఆమె ఆలోచన ఎక్కడ మొలకెత్తిందో తెలియాలంటే ఆ రెండు భాషల మధ్య ఉన్న పాత లెక్కలు కాస్త తెలియాలి. 1809 దాకా ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలో ఉంది. కచేరీలు, చదువులు, పెద్దమనుషుల మాటలు స్వీడిష్‌లో నడిచేవి. ఫిన్నిష్ పొలం భాష. దేశం స్వతంత్రమయ్యాక 1919 రాజ్యాంగం రెంటినీ జాతీయ భాషలుగా గుర్తించింది. నేడు ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడేవారు నూటికి ఐదుగురు. అయినా వారికి సొంత బడులున్నాయి, పత్రికలున్నాయి, ఓబో అకాడమీ అనే విశ్వవిద్యాలయం ఉంది, స్వీడిష్‌లో నడిచే సైనిక దళం కూడా ఒకటుంది. సంఖ్యలో అల్పులే కానీ ఎవరి ముందూ చేయి చాచనక్కరలేదు.

బోత్నియా సింధుశాఖ దాటి స్వీడన్ ఒడ్డుకు వెళితే కథ తలకిందులవుతుంది. 1960లలో ఫిన్లాండ్ పల్లెల నుంచి జనం స్వీడన్ ఫ్యాక్టరీలకు వలస కట్టారు. 1969, 1970 రెండేళ్లలోనే దాదాపు 80 వేల మంది వెళ్లారు. సొంత దేశంలో నూటికి తొంభైమందికి పైగా మాట్లాడే ఫిన్నిష్, కొన్ని గంటల ఓడ ప్రయాణంలో కూలివాళ్ల భాష అయిపోయింది. పిల్లలు బస్సులో నోరు విప్పడానికి సిగ్గుపడ్డారు. వ్యాకరణం అదే, పదాలు అవే, మారింది ఒడ్డు మాత్రమే. ‘అల్పసంఖ్యాక’ అనే గుణం భాషలో ఉండదని, మాట్లాడేవారి చేతిలో ఎంత అధికారం ఉందన్న లెక్కలో ఉంటుందని టోవే జీవితాంతం చెప్పారు. ఆ మాట ఆమెకు పుస్తకాల్లో దొరికింది కాదు.

1960ల చివర ఆమె హార్వర్డ్‌లో ఐనార్ హౌగెన్ దగ్గర పనిచేశారు. అమెరికాలో నార్వేజియన్ వలసదారుల భాష ఏమైందో గ్రంథస్థం చేసినవాడు, భాషలకూ ఒక పర్యావరణం ఉంటుందన్న ఆలోచనకు ఆద్యుడు హౌగెన్. ఆ ప్రభావం ఆమె తర్వాతి రచనలన్నిటిలో కనిపిస్తుంది.

1976 నివేదిక

ఆమె పేరు తొలిసారి దేశాలు దాటింది పెర్టి టౌకోమాతో కలిసి యునెస్కో కోసం రాసిన నివేదికతో. స్వీడన్ పారిశ్రామిక పట్టణాల్లో చదువుతున్న ఫిన్నిష్ పిల్లల్ని వారు పరిశీలించారు. పసివయసులో వస్తేనే కొత్త భాష బాగా వంటబడుతుందని అప్పుడూ ఇప్పుడూ సామాన్యుల నమ్మకం. వారికి కనిపించింది మరొకటి. బడి ఈడుకు ముందే, లేదా బడి తొలి తరగతుల్లోనే స్వీడన్ వచ్చిన పిల్లలు రెండు భాషల్లోనూ వెనకబడ్డారు. ఫిన్లాండ్‌లో కొన్నేళ్లు చదువుకుని పదేళ్ల ప్రాయంలో వచ్చినవారు ఫిన్నిష్ నిలుపుకోవడమే కాక, కొంత కాలానికి స్వీడిష్‌లోనూ మెరుగ్గా నిలబడ్డారు. ఇంటి భాషలో చదవడం, రాయడం, ఆలోచించడం కుదురుకున్న పిల్లకు రెండో భాష దాని మీద నిలుస్తుందని వారు తేల్చారు.

ఈ ఫలితాలను అందిపుచ్చుకున్నవారిలో ముఖ్యుడు కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్. పిల్లలు రెండేళ్లలో ఆటస్థలం భాష నేర్చుకుంటారు, దాంతో మాస్టారు ‘వీడికి భాష వచ్చేసింది’ అనుకుంటాడు, కానీ పాఠం భాష పట్టుబడడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన చూపించాడు. మన ఆదివాసీ ఏజెన్సీ బడిలో పనిచేసిన ఏ ఉపాధ్యాయుణ్ణి అడిగినా ఈ తేడా ఒప్పుకుంటాడు. ‘మంచినీళ్లు తాగి వస్తా సార్’ అని చక్కటి తెలుగులో అడిగే పిల్లవాడు లెక్కల పుస్తకంలో ‘మిగిలినవి ఎన్ని’ దగ్గర ఆగిపోతాడు. మొద్దు అనే ముద్ర పడేది అక్కడే.

స్వీడన్ 1976లో ఇంటి భాష సంస్కరణ చేసింది. వలస పిల్లలకు తల్లినుడి నేర్పే బాధ్యతను మరుసటి ఏడాది నుంచి పురపాలక సంఘాల మీద పెట్టింది. కానీ వారానికి రెండు పీరియడ్లు తల్లినుడి నేర్పడం వేరు, తల్లినుడిలో చదువు చెప్పడం వేరు. 1984లో స్టాక్‌హోం శివారు రింకెబీలో ఫిన్నిష్ తల్లిదండ్రులు ఫిన్నిష్ మాధ్యమం కోసం వారాల తరబడి పిల్లల్ని బడికి పంపకుండా సమ్మె చేశారు. టోవే అటువంటి పోరాటాల పక్షాన బాహాటంగా నిలిచారు. పరిశోధకురాలు ఉద్యమకారిణి కావచ్చా అన్న అనుమానం అప్పటి నుంచీ ఆమె వెంటే నడిచింది. ఆమె పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. జిమ్ కమిన్స్‌తో కలిసి 1988లో వెలువరించిన సంకలనం పేరులోనే ‘సిగ్గు నుంచి పోరాటానికి’ అన్న అర్థం ఉంది.

సగంభాష తగాదా

1976 నివేదికలోని ఒక మాట ఆమెకు చాలాకాలం తలనొప్పి తెచ్చింది. రెండు భాషల్లోనూ వెనకబడిన స్థితిని ‘సగంభాష’ అనే పదంతో చెప్పారు. ఆ పదాన్ని 1960లలో ప్రచారంలోకి తెచ్చింది స్వీడన్ పండితుడు నిల్స్ ఎరిక్ హాన్‌సెగార్డ్. ఉత్తరాన టోర్నియో లోయలో, తరతరాలుగా ఫిన్నిష్ మాట్లాడుతూ స్వీడిష్ బడుల్లో చదివిన పిల్లల గురించి ఆయన రాశాడు. ఉద్దేశం బడిని తప్పుపట్టడమే. అయితే మాట ఒకసారి బయటపడ్డాక ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేం. ‘వీళ్లకు ఏ భాషా సరిగా రాదు’ అన్న నిందకు అదే ఆయుధమైంది. 1986లో భాషాశాస్త్రవేత్తలు మెరిలిన్ మార్టిన్-జోన్స్, సుజాన్ రోమేన్ ఈ భావనను ఉడికీ ఉడకని సిద్ధాంతమని దుయ్యబట్టారు. భాషను నింపే పాత్రలా చూసి సగం నిండింది, ముప్పావు నిండింది అని కొలవడం తప్పన్నారు. విమర్శ న్యాయమైనదే. టోవే తర్వాత ఆ పదాన్ని శాస్త్ర పదంగా వదిలేశారు, వెనకబాటు పిల్లలది కాదు, వారికి అందాల్సింది అందనివ్వని బడిది అని తిరగరాశారు.

ఈ తగాదా నుంచే ఆమె రచనల్లో నాకు అన్నిటికన్నా పదునుగా తోచే విశ్లేషణ వచ్చింది: తల్లినుడి అంటే ఏది? ఆమె నాలుగు కొలతలు చెప్పారు. మొదట నేర్చుకున్నది, తనదని చెప్పుకునేది (లేదా ఇతరులు అతనిదని చెప్పేది), బాగా వచ్చినది, ఎక్కువగా వాడేది. ప్రభుత్వాలు సాధారణంగా చివరి రెండిటినీ పట్టుకుంటాయి. ‘మీ పిల్లవాడు తెలుగే ఎక్కువ మాట్లాడుతున్నాడు, తెలుగే బాగా వచ్చు, ఇక లంబాడీ ఎందుకు?’ అనడం ఆ బాపతే. బడి నేర్పకపోవడం వల్ల రాని భాషను, రాదు గనక నీది కాదని కొట్టేయడం ఎంత అన్యాయమో ఆమె విడమరిచారు. అందుకే మొదటి రెండు కొలతలే అల్పసంఖ్యాకులకు న్యాయం చేస్తాయన్నారు. వినికిడి లేని పిల్లల విషయంలో ఆమె ఇంకొక అడుగు ముందుకు వేశారు. తల్లిదండ్రులకు రాకపోయినా ఆ పిల్లలకు సంజ్ఞాభాషే తల్లినుడి అన్నారు. 1880 మిలాన్ మహాసభ తర్వాత సంజ్ఞల్ని నిషేధించిన బధిర పాఠశాలల చరిత్ర ఎరిగినవారికి ఆ వాక్యం బరువు తెలుస్తుంది.

పీఠం లేని పండితురాలు

ఆమె వృత్తి జీవితం విశ్వవిద్యాలయాల మామూలు నిచ్చెన ఎక్కలేదు. ఎక్కువ కాలం డెన్మార్క్‌లోని రోస్కిల్డె విశ్వవిద్యాలయంలో అతిథి పరిశోధకురాలిగా, ఫిన్లాండ్‌లో ఓబో అకాడమీ వాసా శాఖలో డొసెంట్ అనే బోధనా హోదాలో పనిచేశారు. జీవిత సహచరుడు రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో వచ్చిన ‘లింగ్విస్టిక్ ఇంపీరియలిజం’ గ్రంథకర్త. ఇంగ్లీషు వ్యాప్తి వెనక ఉన్న రాజకీయం ఆయన పొలం, ఆ వ్యాప్తి కింద నలిగిన భాషల బడి ఆమె పొలం. నిజమైన పొలం కూడా ఒకటుండేది. డెన్మార్క్ పల్లెలో ఇద్దరూ రసాయనాలు లేని చిన్న సేద్యం చేసేవారు. విత్తనాల వైవిధ్యం గురించి, భాషల వైవిధ్యం గురించి ఒకే ఊపిరిలో మాట్లాడడం ఆమెకు అలంకారం కాకపోవడానికి అదొక కారణం కావచ్చు. లూయిసా మాఫీ, డేవిడ్ హార్మన్‌లతో కలిసి 2003లో యునెస్కో కోసం రాసిన పుస్తకం ఈ రెండు వైవిధ్యాల చుట్టరికం గురించే. భాషా వైవిధ్యం కోసం పనిచేసేవారికిచ్చే లింగ్వాపాక్స్ పురస్కారం ఆ ఏడాదే ఆమెకు వచ్చింది.

భాషా హక్కుల మీద ఫిలిప్సన్‌తో కలిసి 1994లో వెలువరించిన సంకలనంలో కుర్దుల గురించి సెర్తాచ్ బుజాక్‌తో రాసిన వ్యాసం ఉంది. టర్కీ 1983లో చట్టం చేసి మరీ కుర్దిష్‌ను అణిచింది, 1991లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. అదే కాలంలో ఆమె అంతర్జాతీయ ఒప్పందాలను వరసపెట్టి చదివారు. ఒక విచిత్రం బయటపెట్టారు. పీఠికలో జాతి, మతం, లింగం, భాష అన్నీ కలిసి వస్తాయి. విద్య గురించిన అధికరణానికి వచ్చేసరికి భాష మాయమవుతుంది, లేదా ‘వీలైనంతవరకు’, ‘తగిన చోట’ వంటి మాటల చాటుకు పోతుంది. మన చట్టాలు చదివినా ఇదే అనుభవం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ‘తగినన్ని సౌకర్యాలు’ కల్పించమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం మాతృభాషా మాధ్యమాన్ని ‘ఆచరణసాధ్యమైనంతవరకు’ కోరుతుంది. ఆ సందులోంచి ఎంత పెద్ద ఏనుగైనా దాటిపోతుంది.

కూడిక, తీసివేత, హననం

2000లో వచ్చిన ‘లింగ్విస్టిక్ జెనోసైడ్ ఇన్ ఎడ్యుకేషన్’ ఆమె మహాగ్రంథం, ఎనిమిది వందల పుటలకు చేరువ. అందులోని ప్రధాన సూత్రాన్ని రెండో తరగతి లెక్కల్లో చెప్పవచ్చు. ఇంటి భాష ఉంచి కొత్త భాష చేర్చితే కూడిక. ఇంటి భాష తీసి ఆ చోట కొత్తది పెడితే తీసివేత. తీసివేత చదువు పిల్లను ముంచుతుంది. ఆమె వాడిన పదం కూడా నీట ముంచడమనే అర్థం ఇచ్చేదే. పైకి ఇలాగే కనిపించే మరో పద్ధతి 1965లో కెనడాలో సెయింట్ లాంబర్ట్ బడిలో మొదలైంది. అక్కడ ఇంగ్లీషు కుటుంబాల పిల్లల్ని కావాలనే ఫ్రెంచి మాధ్యమంలో చేర్చారు. వారికి హాని జరగలేదు. ఎందుకంటే ఇంటా వీధిలోనూ బలంగా ఉన్న ఇంగ్లీషుకు వచ్చిన ముప్పేమీ లేదు, గురువులకు రెండు భాషలూ వచ్చు, తల్లిదండ్రులు కోరి చేర్పించారు. కాబట్టి ‘మా పిల్లలు పరాయి మాధ్యమంలో చదివి బాగుపడలేదా’ అన్న వాదం ఆదివాసీ పిల్లకు వర్తించదని ఆమె పదేపదే హెచ్చరించారు.

పుస్తకం పేరులోని భయంకరమైన మాటకు ఆధారం 1948 నాటి ఐక్యరాజ్యసమితి జాతిహనన ఒడంబడిక. అసలు ముసాయిదాలో ఒక జనం భాషను నిషేధించడం కూడా నేరంగా ఉండేది, ఓటింగులో ఆ అధికరణం ఎగిరిపోయింది. మిగిలిన రెండో అధికరణంలో రెండు అంశాలను ఆమె పట్టుకున్నారు. ఒకటి, ఒక జనసముదాయం సభ్యులకు తీవ్రమైన శారీరక లేదా మానసిక హాని కలిగించడం. రెండు, ఆ సముదాయం పిల్లల్ని బలవంతంగా మరో సముదాయానికి మార్చడం. పిల్లను ఇంటి నుంచి ఎత్తుకుపోనక్కరలేదు, ప్రతి ఉదయం బడికి రప్పించుకుని మరో భాష మనిషిగా మార్చి పంపినా బదిలీయే కదా అన్నది ఆమె వాదం.

ఇక్కడే విమర్శకులు విరుచుకుపడ్డారు. జాతిహననం నిరూపించాలంటే నాశనం చేయాలన్న సంకల్పం ఉండాలని న్యాయవాదులన్నారు. యాన్ బ్లోమార్ట్ వంటి సామాజిక భాషాశాస్త్రవేత్తలు హక్కుల భాష భాషలకు గీతలు గీసి గళ్లలో పెడుతుందని, జనం వాస్తవంగా మాట్లాడే కలగలుపును చూడదని అభ్యంతరం చెప్పారు. భాషలు మారడం బతుకుతెరువు కోసం మనుషులు చేసుకునే సర్దుబాటు అని భాషాశాస్త్రవేత్త సలికోకో ముఫ్వేనె వాదించాడు. టోవే సంకల్పం ప్రశ్నను కొంత పట్టించుకున్నారు. న్యాయశాస్త్రవేత్త రాబర్ట్ డన్‌బార్‌తో కలిసి 2010లో నార్వేలోని ఆదివాసులైన సామీల ప్రాంతం కౌటోకెయినో నుంచి వెలువరించిన పుస్తకంలో తీసివేత చదువును ‘మానవాళిపై నేరం’ అనే కోణంలో కూడా పరిశీలించారు. తల్లిదండ్రులే కోరుకుంటున్నారన్న మాటకు మాత్రం ఆమె జవాబు మారలేదు. మరో దారి లేనప్పుడు, ఈ దారి చివర ఏముందో ఎవరూ చెప్పనప్పుడు, దాన్ని ఎంపిక అనకూడదన్నారు. ఆమె వాడిన పెద్ద పదం కన్నా ఈ చిన్న జవాబే గట్టిదని నాకనిపిస్తుంది. హననం అనే మాట విన్న అధికారి తలుపు మూసేస్తాడు.

ఒడిశా, ఆంధ్ర

భారతదేశంతో ఆమె బంధం దీర్ఘమైనది. మైసూరులో 1969లో మొదలైన భారతీయ భాషా సంస్థకు తొలి సంచాలకులు దేవీప్రసన్న పట్నాయక్ ఇక్కడి బహుభాషా జీవనం గురించి రాసినవి ఆమెను ప్రభావితం చేశాయి. ఒకే దేశం, ఒకే భాష అనే ఐరోపా ఊహ ఇక్కడ పనికిరాదని ఆమె గ్రహించింది వాటితోనే. మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మొహంతి ఒడిశా కొంధు పిల్లల మీద చేసిన పరిశోధన మరింత దగ్గర. తమ ఇంటి భాష కుయి, ఒడియా రెండూ నిలుపుకున్న పిల్లలు, కుయి పోగొట్టుకుని ఒడియా ఒక్కటే మిగిలినవారికంటే బుద్ధి పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని ఆయన చూపించారు. ఆమె, ఫిలిప్సన్, మొహంతి, మినతి పండా కలిసి 2009లో బహుభాషా విద్య ద్వారా సామాజిక న్యాయం అనే అంశంపై ఒక సంకలనం తెచ్చారు. నేపాల్‌లో ఫిన్లాండ్ సాయంతో 2007లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమానికి ఆమె, మొహంతి సలహాదారులు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది భాషల్లో 240 బడుల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది: గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. మొదటి ఐదూ ద్రావిడ భాషలు, సవర ముండా కుటుంబానిది, చివరి రెండూ ఆర్యభాషలు. అంటే మూడు భాషా కుటుంబాల పిల్లలు ‘అ అంటే అమ్మ’ అనే ఒకే వాచకం ముందు కూర్చుంటూ వచ్చారన్నమాట. కొత్త వాచకాలు తెలుగు లిపిలో, ఆయా భాషల్లో తయారయ్యాయి. చదువు ఇంటి భాషలో మొదలై, తెలుగు మెల్లగా వచ్చి చేరి, ప్రాథమిక దశ ముగిసేసరికి పగ్గాలు తెలుగు చేతికి వెళ్లేవి. ఒడిశా 2006–07లో పది భాషలతో ఇదే దారి పట్టింది. టోవే వీటిని మెచ్చుకుంటూనే ఒక చోట గట్టిగా విభేదించారు. మూడు నాలుగేళ్లు చాలవు, కనీసం ఆరేళ్లు, కుదిరితే ఎనిమిదేళ్లు ఇంటి భాషే ప్రధాన మాధ్యమంగా ఉండాలన్నారు. 1994 నుంచి ప్రాథమిక విద్య ఎనిమిదేళ్లనూ మాతృభాషలకు ఇచ్చిన ఇథియోపియా విధానాన్ని ఉదాహరణగా చూపేవారు. త్వరగా దింపేసే బడి ఏరు సగం దాటించి పడవ ఆపినట్టేనని ఆమె లెక్క.

తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాకూడదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించిన కాలానికి టోవే ఇంకా పుట్టలేదు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. 1940 జనవరిలో ఆయన కన్నుమూస్తే అదే ఏడాది జూలైలో ఆమె పుట్టారు. గిడుగు పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. సభల్లో వ్యావహారిక భాషోద్యమం గురించి వినిపించినంతగా సవర సంగతి వినిపించదు.

2011 జనగణనలో గోండి మాట్లాడేవారు సుమారు 29.8 లక్షలు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న బోడో మాట్లాడేవారికి ఇది ఇంచుమించు రెట్టింపు. గోండి ఆ షెడ్యూల్లో లేదు. ఈ అమరికకు మొహంతి పెట్టిన పేరు ‘రెండు అంచెల చీలిక’: ఇంగ్లీషుకూ రాష్ట్ర భాషలకూ నడుమ ఒకటి, రాష్ట్ర భాషలకూ ఆదివాసీ భాషలకూ నడుమ ఇంకొకటి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారీ బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేయబోయినప్పుడు, 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసినప్పుడు, పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ వాదమంతా మొదటి చీలిక గురించే సాగింది. అరకు కొండల్లోని ఆదివాసీ పిల్ల ఇంటి భాష ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు.

సరిహద్దు దాటి హోసూరు వెళితే ఒడ్డు మళ్లీ మారుతుంది. తమిళనాడు 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. పదో తరగతి పరీక్షలో మాతృభాష రాసుకునే వీలు పోతుందని అక్కడి తెలుగు విద్యార్థులు, బడులు కోర్టుకెక్కాల్సి వచ్చింది. అచ్చం ఏజెన్సీ తల్లిదండ్రులు అడిగేదే వాళ్లూ అడిగారు.